పడుకునే చోటే చిరునామా

(హిందూపురంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. జనాభా లెక్కల డ్యూటీ పడిందంటే తోటి ఉపాధ్యాయులు ఎలా తప్పించుకోవాలా అని చూసేవాళ్లు. ఆయన మాత్రం ఇల్లు లేనివాళ్లను రాసుకునే రాత్రి డ్యూటీ తనకే కావాలని అడిగి వేయించుకునేవారు. "ఇళ్లలో ఉండేవాళ్లు రేపైనా దొరుకుతారు. వీళ్లను ఈ రాత్రి రాసుకోలేదంటే దేశంలో లేనట్టే లెక్క" అనేవారు. ఆయన పేరిట మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు నాకు ఈ విషయం తప్ప మరొకటి తోచలేదు. ఇల్లు లేనివాళ్ల జీవితాల నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు, ఆ బతుకుల్లో ఆశ ఎక్కడుంది, ఆ ఆశకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనే మన మూడు ఊళ్లు ఏం బాకీ పడ్డాయి అన్నదే ఈనాటి నా మాట.

ఒక రాత్రి లెక్క

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద తేలినవాళ్లు 17 లక్షల 70 వేల పైచిలుకు. అంతకు పదేళ్ల ముందు, 2001లో, ఆ సంఖ్య 19 లక్షల 40 వేల దాకా ఉండింది. తగ్గింది కదా అని సంతోషించేలోపు ఇంకో అంకె కనిపిస్తుంది. పల్లెల్లో తగ్గారు, పట్టణాల్లో పెరిగారు. పట్టణాల్లో 7 లక్షల 80 వేల దగ్గర ఉన్నవాళ్లు 9 లక్షల 40 వేలకు చేరారు. 2021లో జరగవలసిన లెక్క ఆ ఏడు జరగలేదు. అంటే 2011 తర్వాత పుట్టిన కష్టాలేవీ, కరోనా కాలపు కష్టంతో సహా, అప్పుడు ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

లెక్కలవాళ్లు ఎవరిని ఇల్లు లేనివాళ్లంటారో ఆ నిర్వచనం చదివితే మన ఊళ్లు కళ్ల ముందు కదులుతాయి. రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్లలో, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు అని అందులో రాసి ఉంటుంది. ఫ్లైఓవర్ సంగతి అలా ఉంచండి. మండపాలకు, ప్లాట్‌ఫారాలకు మన దగ్గర కొదవ లేదు. బెంగళూరు, గుంతకల్లు లైను మీద ఉన్న ధర్మవరం జంక్షన్ నుంచి ఒక దారి కదిరి మీదుగా పాకాలకు చీలిపోతుంది. నాలుగు దిక్కుల జనం దిగే చోట నాలుగు దిక్కుల కష్టమూ దిగుతుంది.

మన మూడు ఊళ్లలో వీళ్లెవరు? కొడుకులు వాటాలు పంచుకునేటప్పుడు ఏ వాటాలోకీ రాని ముసలివాళ్లున్నారు. తాగి కొట్టే మొగుణ్ణి విడిచి పుట్టింటి గడప తొక్కలేకపోయిన ఆడవాళ్లున్నారు. మతి చెదిరి ఏ రైల్లోనో ఎక్కి ఎక్కడో దిగినవాళ్లున్నారు. ఊరి చివర గుడారాలు వేసుకునే సంచార కుటుంబాలున్నాయి. పని కోసం బీహారు, ఒడిశాల నుంచి వచ్చి, మేస్త్రీ షెడ్డు చూపించేదాకా స్టేషనులో తల వాల్చే కుర్రవాళ్లున్నారు. మన పల్లెల రైతు బెంగళూరులో పునాదుల పక్కన నీలం పట్టా కింద పడుకుంటాడు. బీహారు రైతు బిడ్డ మన దగ్గర పడుకుంటాడు. ఒకరి ఊళ్లో ఒకరు నిరాశ్రయులు. ఇద్దరికీ సొంత ఊళ్లో ఎంతో కొంత గూడు ఉంది. లేనిదల్లా ఆ గూటిని నిలబెట్టే పని.

ధర్మవరం సంగతి ఇంకొంచెం వేరు. నేతగాడికి ఇల్లూ కార్ఖానా ఒకటే. గుంట మగ్గం వేయాలంటే నేలలో గుంట తవ్వాలి. గది నిడివి పడుగుకు సరిపోవాలి. చినుకు కారితే జరీ నల్లబడుతుంది కాబట్టి పైకప్పు గట్టిగా ఉండాలి. గుంట తవ్వుకోనిచ్చే యజమాని దొరికితేనే అద్దె ఇల్లు దొరికినట్టు. ఏటికేడు కూలి గిట్టక, అప్పు పెరిగి, ఆ అద్దె ఇల్లు పోయిందంటే ఒకే రోజున గూడూ పోతుంది, పనిముట్టూ పోతుంది. పదిమంది పెళ్లికూతుళ్లకు పట్టు కట్టించిన చెయ్యి తెల్లారేసరికి హోటల్లో ప్లేట్లు కడిగే చెయ్యి అవుతుంది. ఆ చేతిలోని విద్య మాత్రం ఎక్కడికీ పోదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. నా ఉపన్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఓర్పూ నేర్పూ

ఇల్లు లేనివాళ్లను చూసి స్ఫూర్తి పొందాలని సభల్లో తరచూ వింటుంటాం. ఎంత కష్టంలోనూ నవ్వుతూ ఉన్నారు చూడండి, మనకేం తక్కువ అంటారు. ఇందులో నాకొక ఇబ్బంది కనిపిస్తుంది. వాళ్ల కష్టం మన సంతృప్తికి కొలబద్ద అయింది. స్ఫూర్తి పొందినవాడు ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోతాడు. స్ఫూర్తి ఇచ్చినవాడు మళ్లీ ప్లాట్‌ఫారం మీదే పడుకుంటాడు.

పైగా మన నేలకు ఇల్లు విడిచినవాళ్ల మీద పాత గౌరవం ఒకటుంది. కదిరి పక్కన కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. దిసమొలతో తిరిగిన ఆ యోగిని ఏటా కొలుచుకుంటాం. మంచిదే. అయితే ఇల్లు వదిలినవాడు వేరు, ఇల్లు పోయినవాడు వేరు. మొదటివాడు తలుపు తనే తీసుకుని బయటికి నడిచాడు. రెండోవాడి వెనక ఎవరో తలుపు వేశారు. ఆ వైరాగ్యాన్ని ఈ దైన్యానికి అంటగట్టి చేతులు జోడించడం మన సౌకర్యానికి చేసుకునే పని.

మరి ఏం చూడాలి? ఓర్పును కాదు, నేర్పును చూడాలంటాను. ఓర్పును మెచ్చుకుంటే అక్కడితో మన పని అయిపోతుంది. నేర్పును గుర్తిస్తే మన పని మొదలవుతుంది.

స్టేషను బయట పడుకునేవాళ్ల దగ్గర రెండు రాత్రులు నిలబడి చూసినా ఆ నేర్పు తెలుస్తుంది. పడుకునే చోటు వాళ్లు ఊరికే ఎంచుకోరు. లైటు వెలుగు పడాలి, కానీ కళ్లలో పడకూడదు. కుళాయి దగ్గరుండాలి, తడి ఉండకూడదు. తెల్లారుజామున తెరిచే టీ అంగడి కనుచూపు మేరలో ఉండాలి. ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి టికెట్ కౌంటర్ వెలుగులో పడుకుంటారు. ఒకరు మేలుకుంటే మిగతావాళ్లు నిద్రపోతారు. దాచుకున్న డబ్బుకు టీ అంగడి అన్నే బ్యాంకు. చీటీ ఉండదు, సంతకం ఉండదు, లెక్క తప్పదు. ఏ కల్యాణ మండపంలో పెళ్లి ఉంది, ఏ గుడిలో ఏ వారం అన్నదానం, ఏ మేస్త్రీ కూలి ఎగ్గొట్టడు, ఏ ఆసుపత్రిలో ఏ కాంపౌండరు విసుక్కోకుండా కట్టు కడతాడు, ఇవన్నీ వాళ్లకు తెలుసు. మునిసిపాలిటీకి లేని పటం వాళ్ల బుర్రలో ఉంటుంది.

ఒక చలికాలం స్టేషను దగ్గర దుప్పట్లు పంచుతున్నాం. ఒక ముసలామె దుప్పటి తీసుకుని చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చుంది.

"బాగలేదా అవ్వా?" అని అడిగాను.

"బాగుంది నాయనా. రేతిరికి కప్పుకుంటా సరే, పగులు దీన్ని యాడ పెట్టుకోవాల? మోసుకోని తిరిగితే పనికి పిలిసేవాళ్లు లేరు. యాడన్న పెట్టిపోతే మళ్లీ కనపడదు."

ఇంకేం చెప్పలేక, "పోయిన ఏడు ఇచ్చింది ఏం చేసినావు?" అన్నాను.

"అమ్ముకున్న్యా. ఇరవై రూపాయలొచ్చె."

చుట్టూ ఉన్న మావాళ్లు కొందరు నొచ్చుకున్నారు. ఇచ్చిన దుప్పటి అమ్ముకోవడమేమిటని. నాకు మాత్రం ఆమె మాటలో ఒక పథకమే కనిపించింది. ఆమె మమ్మల్ని జాలి అడగలేదు. తాళం వేసుకునే ఒక పెట్టె కావాలంది. అది ఉంటే దుప్పటి నిలుస్తుంది, పగలు చేతులు ఖాళీగా ఉంటాయి, పనికి పిలుస్తారు. దుప్పటి కంటే పెట్టె ముందు అన్న సంగతి ఏ సేవా సంఘం తీర్మానంలోనూ నేను చూడలేదు. ఆశ అంటే ఇలాగే ఉంటుంది. రేపటి పగలును లెక్కలోకి తీసుకునే మనిషి ఆశ ఉన్న మనిషే.

పెనుకొండకు వచ్చినవాళ్లు

మన ఊళ్లు ఎలా ఎదిగాయో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడింది. హంపీ పాడుపడింది. రాజ్యం నడుపుతున్న తిరుమల దేవరాయలు ఖజానాను ఏనుగుల మీదికెక్కించుకుని వచ్చి చేరింది మన పెనుకొండకే. ఇక్కడి నుంచే ఆరవీటి వంశం పాలన సాగింది. 1592లో రాజధాని చంద్రగిరికి తరలేదాకా కూలిన సామ్రాజ్యానికి ఈ కొండే నీడ. ఆనాటి లెక్కన చూస్తే ఆ రాజు కూడా గూడు చెదిరి మన ఊరికి చేరినవాడే. కాకపోతే ఆయన వెంట ఏనుగులు నడిచాయి. మూటతో వచ్చినవాడికి మండపం, ఏనుగులతో వచ్చినవాడికి కోట. ఇద్దరినీ ఈ నేల ఆదుకుంది.

ఆ కోటకు దగ్గర్లోనే బాబయ్య దర్గా ఉంది. బాబా ఫక్రుద్దీన్ గురించి మన పెద్దలు చెప్పుకునే కథ మీకు తెలుసు. రాజ్యం వదిలి ఊరూరా తిరిగే ఆయనకు గురువు ఒక పుల్ల ఇచ్చి, ఆగిన ప్రతి చోటా దాన్ని నాటమన్నాడట. ఏ ఊళ్లో అది చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నాడట. అది పెనుకొండలో చిగురించిందంటారు. కథే కావచ్చు. కానీ హిందువులూ ముస్లింలూ కలిసి ఇన్ని తరాలు ఆ కథ చెప్పుకున్నారంటే, ఎక్కడి నుంచో వచ్చిన మనిషి వేరు పట్టుకోవడం ఊరికి శుభమని నమ్మారన్నమాట. ఇవాళ కూడా గూడు లేనివాళ్లు ఆ దర్గా నీడకు చేరుతున్నారంటే అది ఆ నమ్మకం ఇంకా చావకపోవడం వల్లనే.

తర్వాత కరువులొచ్చాయి. 1876 నుంచి 78 దాకా సాగిన ధాత కరువు దత్తమండలాన్ని తుడిచిపెట్టింది. 1952లో గంజి కేంద్రాల ముందు ముంతలు పట్టుకుని నిలబడ్డవాళ్ల పిల్లలు, మనవళ్లు ఈ సభలో ఉన్నారు. వాన సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ సరిగా పడని నేల మనది. ఈ సీమలో ఇల్లు కదలని వంశం ఏదైనా ఉంటే చూపించండి. మూడు తరాల వెనక్కి వెళితే ప్రతి ఇంటికీ ఒక వలస ఉంది. ఆ జ్ఞాపకం మనకు ఇంకా ఉన్నట్టు 2020 లాక్‌డౌన్లో తెలిసింది. బెంగళూరు వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కాలినడకన ఉత్తరానికి బయలుదేరిన కూలీలకు దారి పక్క ఊళ్లవాళ్లు అన్నం, మజ్జిగ అందించారు. వాళ్ల భాష మనకు రాదు, వాళ్ల అలసట మాత్రం మనవాళ్లు ఎరిగినదే.

నిమ్మలకుంట నేర్పిన పాఠం

చరిత్ర పక్కన పెట్టి ఇవాళ్టి మాట చెప్పుకుందాం. ధర్మవరానికి కాస్త దూరంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. వీళ్ల పూర్వీకులు ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకుంటూ, తెర మీద తెలుగులో రామాయణ భారతాలు ఆడుతూ ఊరూరా తిరిగినవాళ్లు. ఆట ఉన్న ఊరే ఆ పూటకు ఊరు. వాళ్లను నిరాశ్రయులనడం సబబు కాదు. వాళ్ల ఇల్లు వాళ్లతో పాటే నడిచేది. కానీ సినిమా వచ్చి, తర్వాత టీవీ వచ్చి రాత్రంతా ఆట చూసే జనం తగ్గిపోయాక, నడిచే ఇంటికి కూడు లేకుండా పోయింది.

స్థిరంగా ఒక ఊరు ఏర్పడ్డాక వాళ్లు ఏం చేశారో చూడండి. మేకతోలును పల్చన చేసి, ఉలితో చిల్లులు పెట్టి, రంగులు అద్దే పాత విద్యనే పట్టుకున్నారు. బొమ్మలతో పాటు దీపాల తొడుగులు, గోడకు వేలాడే చిత్రాలు, తలుపు తెరలు చేశారు. దేశమంతా జరిగే హస్తకళల సంతలకు వాళ్ల సరుకు వెళుతుంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. తరాలుగా తిరిగిన ఆ జనానికి ప్రభుత్వం ఇచ్చిన ఆ గౌరవం ఎక్కడో ఢిల్లీలో అందినా, దాని వెనక నిమ్మలకుంట అనే ఐదక్షరాల చిరునామా పని చేసింది. స్కూలుకు అదే ఆధారం, బ్యాంకు అప్పుకు అదే ఆధారం, సంతలో దుకాణం అడగాలన్నా అదే. విద్య ముందూ ఉంది, తర్వాతా ఉంది. మధ్యలో దొరికింది కాలు మోపే జాగా.

ఇంకో పాఠం అనంతపురం నుంచి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి వెళ్లిపొమ్మన్నారు. దేశమే విడవవలసి వచ్చింది. మరుసటి ఏడు తిరిగొచ్చి అనంతపురంలో ఆగాడు. అలా తరిమేసిన మనిషి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఈ జిల్లాల్లో దళితులకు, గిరిజనులకు, దివ్యాంగులకు వేల ఇళ్లు కట్టించింది. ఆ ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరిట రాయించడం అందులో అసలు తెలివి. ఇంటి మీద హక్కు ఉన్న ఆడదాన్ని అర్ధరాత్రి బయటికి నెట్టడం కష్టం. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో అదే ట్రస్టు నడిపే ఆసుపత్రికి, జబ్బు పేరు చెప్పగానే ఇంట్లోవాళ్లు విడిచిపెట్టిన ఎయిడ్స్ రోగులెందరో చేరారు. ఇల్లు లేకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. భయం, పరువు కూడా మనుషుల్ని వీధిలోకి నెడతాయి.

మతి చెదిరినవాళ్లు

వీధిలో ఉన్నవాళ్లలో మనం చూపు తిప్పుకునేది మతి చెదిరినవాళ్లను చూసే. 1988 ప్రాంతంలో బొంబాయిలో భరత్ వట్వానీ అనే మానసిక వైద్యుడూ ఆయన భార్య స్మితా ఒక కుర్రవాణ్ణి చూశారు. కొబ్బరి చిప్పతో మురికి కాలవ నీళ్లు తాగుతున్నాడు. తీసుకెళ్లి వైద్యం చేశారు. కుదుటపడ్డాక తెలిసింది, అతడు మన కడపవాడు, డిగ్రీ చదివినవాడు. అతణ్ణి ఇంటికి చేర్చడంతో మొదలైన శ్రద్ధా పునరావాస సంస్థ తర్వాత వేల మందిని వాళ్ల వాళ్ల ఊళ్లకు చేర్చింది. 2018లో వట్వానీకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కథలో ఆశ వైద్యుడి దయలో ఒక్కటే లేదు. చిరిగిన బట్టల కింద చదువు చెక్కుచెదరకుండా ఉంది. మందు పడేదాకా అది బయటికి రాలేదు, అంతే.

చెన్నైలో 1993లో వైష్ణవి జయకుమార్, వందన గోపికుమార్ ది బన్యన్ అనే సంస్థ పెట్టారు. వీధిన పడ్డ, మానసిక జబ్బుతో ఉన్న ఆడవాళ్ల కోసం. కుదుటపడ్డాక కొందరికి వెళ్లడానికి ఇల్లు ఉండదు, లేదా ఉన్న ఇల్లు రానివ్వదు. వాళ్లను ఎప్పటికీ ఆశ్రమంలోనే ఉంచాలా? 2015 నుంచి హోమ్ ఎగైన్ పేరుతో మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురు కలిసి ఉండే ఏర్పాటు చేశారు. వాళ్లే వండుకుంటారు, వాళ్లే అంగడికి పోతారు, పక్కింటివాళ్లతో వాళ్లే కబుర్లాడతారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మంచి నమూనాల్లో ఒకటిగా చూపింది. ఇందులో కోట్ల ఖర్చు లేదు. ఇల్లు అద్దెకిచ్చే మనసు కావాలి.

చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బుతో వీధుల్లో తిరుగుతున్న మనిషిని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు, రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చాలి. తప్పిపోయిన మనిషిగా కేసు రాసుకుని, కుటుంబాన్ని వెతకడం స్టేషన్ అధికారి బాధ్యత. మన ఊళ్లలో ఇలాంటి మనిషి కనిపిస్తే అన్నం పెట్టేవాళ్లున్నారు, రాళ్లు విసిరేవాళ్లూ ఉన్నారు. పోలీసు స్టేషనుకు వెళ్లి ఈ సెక్షన్ గుర్తు చేసేవాళ్లు కావాలి.

చట్టం ఏమంటోంది

1985 జులై 10న ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు ఒక నిజాన్ని ఒప్పుకుంది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉన్నవాళ్లు సరదాకు అక్కడ లేరు, పని దగ్గర్లో ఉంది కాబట్టి ఉన్నారు, వాళ్లను అక్కడి నుంచి తీసేస్తే జీవనోపాధి పోతుంది, జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమే అంది. అయినా సరైన నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని కూడా అంది. తీర్పు గొప్పదే, తలుపు సగమే తెరుచుకుంది.

తర్వాత 2010లో ఢిల్లీ చలికి మనుషులు చనిపోతుంటే అదే కోర్టు రాత్రి ఆశ్రయాల గురించి గట్టిగా పట్టుకుంది. లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, ఏడాది పొడుగునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో ఇది పథకమైంది. ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల జాగా ఉండాలని మార్గదర్శకాల్లో రాశారు. 2011 లెక్కల్లో హిందూపురం జనాభా లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేల పైన. రెండూ ఆ గీత దాటినవే. పెనుకొండ దాటలేదు. కానీ ఊరు చిన్నదైతే ఆకాశం చిన్నదవుతుందా?

ఇళ్ల పథకాలకు మన రాష్ట్రంలో కొదవలేదు. మన హిందూపురం ఎమ్మెల్యేగా ఉన్న ఎన్టీ రామారావు హయాంలో పక్కా ఇళ్లు వచ్చాయి. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి 30 లక్షల ఇళ్ల పట్టాలు ఇస్తామన్న పథకమూ చూశాం. ఏ పార్టీ పథకానికైనా ముందు అడిగేది రేషన్ కార్డు, ఆధార్, నివాస ధ్రువపత్రం. ఇల్లు కావాలంటే ఇల్లున్నట్టు రుజువు తెమ్మంటారు. 2006 ఫిబ్రవరి 2న అప్పటి మన జిల్లాలోని బండ్లపల్లెలోనే మొదలైన ఉపాధి హామీకైనా జాబ్ కార్డు మీద ఊరి పేరు ఉండాల్సి వచ్చేది. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో తయారయ్యే కారుకు నంబరు ఇవ్వడానికి ఒక చిరునామా చాలు. అదే చిరునామా లేక మనిషి ఏ కాగితంలోకీ రాకుండా ఉండిపోతున్నాడు.

ఈ గోడలో ఒక తలుపు ఉంది. దాన్ని చాలామంది గమనించలేదు. ఓటర్ల నమోదుకు ఎన్నికల సంఘం పెట్టిన నియమం ఏమిటంటే, ఇల్లు లేని మనిషి దరఖాస్తు చేస్తే బూత్ స్థాయి అధికారి అతడు చెప్పిన చోటికి రాత్రిపూట వెళ్లాలి. ఒకటికి మించిన రాత్రులు వెళ్లి, అతడు అక్కడే పడుకుంటున్నాడని చూసుకోవాలి. చూస్తే చాలు, వేరే నివాస రుజువు అక్కర్లేదు. పడుకునే చోటే చిరునామా. మన గణతంత్రం రాసుకున్న అందమైన నియమాల్లో ఇదొకటని నా అభిప్రాయం. రాజ్యమే రాత్రిపూట లేచి పౌరుణ్ణి వెతుక్కుంటూ రావాలంది. మాస్టారు అడిగి వేయించుకున్న డ్యూటీ కూడా ఇదే. రేషన్ విషయంలోనూ ఇలాంటి తలుపు తెరుచుకుంది. 2019లో తొలి అడుగుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య మొదలైన పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. కార్డు ఉన్నవాడు ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చు. బియ్యం మనిషి వెంట నడవడం నేర్చుకున్నాయి. మిగతా హక్కులు ఇంకా నేర్చుకోవాలి.

బయటి దేశాల్లో ఫిన్లాండ్ ఒక్కదాన్ని ప్రస్తావిస్తాను. అక్కడ 1987లో 18 వేలకు మించి ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2020ల మొదట్లో నాలుగు వేలకు దిగువకు వచ్చింది. 2008 నుంచి వాళ్లు పట్టుకున్న సూత్రం ఇది: తాగుడు మానితే ఇల్లు, పని దొరికితే ఇల్లు అనకుండా, ముందు ఇంటి తాళంచెవి చేతికివ్వడం. మిగతావి ఆ తలుపు వెనక నెమ్మదిగా కుదురుకుంటాయి. వాళ్ల ఖజానా వేరు, మన ఖజానా వేరు, నిజమే. వరుస మాత్రం మనమూ మార్చుకోవచ్చు.

మూడు ఊళ్ల పని

మహానగరాలకు లేని ఒక సౌకర్యం మనకుంది. మన దగ్గర ఈ మనుషులు గుంపు కాదు. టీ అంగడివాడికి వాళ్ల పేర్లు తెలుసు, రైల్వే పోలీసుకు ముఖాలు తెలుసు, గుడి పూజారికి, దర్గా ముజావరుకు వాళ్ల కథలు తెలుసు. లెక్కపెట్టగలిగిన కష్టాన్ని తీర్చగలం. నా ఆశంతా ఇక్కడే ఉంది. కాబట్టి నాలుగు పనులు సభ ముందు పెడుతున్నాను.

మొదటిది, లెక్క. మూడు ఊళ్లలో ఒకే రాత్రి, కాలేజీల ఎన్.ఎస్.ఎస్. పిల్లలతో, ఇల్లు లేని ప్రతి మనిషినీ పేరుతో రాసుకుందాం. అయితే కష్టాల జాబితా ఒక్కటే రాయొద్దు. ఏ పని వచ్చు అని ఒక గడి పెట్టండి. నేత, వంట, తోలుపని, తాపీ, పశువుల కాపుదల, పిల్లల పెంపకం అన్నీ అందులో పడతాయి. ఆ గడి నిండాక ఊరివాళ్ల చూపు మారుతుంది.

రెండోది, పెట్టె, స్నానం. స్టేషనుకు దగ్గర్లో తాళం వేసుకునే పెట్టెలు, తెల్లారుజామున నాలుగింటికే తెరిచే స్నానాల గదులు. శుభ్రమైన బట్టతో అడ్డా మీద నిలబడ్డవాణ్ణి మేస్త్రీ ముందు పిలుస్తాడు. ఐదు రూపాయలకు అన్నం అన్న క్యాంటీన్ పెడుతోంది, ఐదు రూపాయలకు స్నానం మునిసిపాలిటీ పెట్టలేదా?

మూడోది, కాగితం. బూత్ స్థాయి అధికారులను ఒక రాత్రి మనమే వెంటబెట్టుకుని తీసుకెళదాం. ఓటరు కార్డు వస్తే బ్యాంకు ఖాతాకు, పింఛనుకు, రేషనుకు దారి పడుతుంది. అరవై దాటిన ముసలివాళ్లు పింఛను రాక అడుక్కోవడం మన జిల్లాకు నామోషీ.

నాలుగోది, ఇల్లు. ఒక్కో ఊళ్లో మామూలు వీధిలో ఒక మామూలు ఇల్లు అద్దెకు తీసుకుందాం. ధర్మవరంలో ఆ ఇంట్లో గుంట మగ్గాలకు చోటుండాలి. పెనుకొండలో అది కుదుటపడ్డ ఆడవాళ్లకు కావాలి. హిందూపురంలో పనికోసం వచ్చిన కుటుంబాలకు మొదటి నెలలకు కావాలి. అద్దె కంటే అడ్వాన్సే కష్టం. ఈ ఉపన్యాసం కోసం మాస్టారి కుటుంబం ఏర్పాటు చేసిన ధర్మనిధి వడ్డీలో కొంత అడ్వాన్సుకు వాడుకోవడానికి కుటుంబ సభ్యులు ఒప్పుకుంటారని నాకు నమ్మకం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఈ సభలోనే ఉన్నారని అంతకంటే గట్టి నమ్మకం.

చివరిగా నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏటి స్మారకోపన్యాసం ఇవ్వడానికి నాలాంటివాణ్ణి పిలవకండి. ఆ లెక్కలో పేరు రాసుకున్న మనిషినొకరిని పిలవండి. నేత విద్య మీదో, రైళ్ల రాకపోకల మీదో, ఊళ్లో కూలి రేట్ల మీదో వాళ్లను మాట్లాడమనండి, కష్టాల మీద కాదు. నాకు ఇచ్చిన పారితోషికమే వాళ్లకూ ఇవ్వండి, కవరులో పెట్టి, వేదిక మీదే. మేమంతా ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకుంటాం. మాస్టారి క్లాసులో కూర్చున్నవాళ్లకు అది కొత్తేమీ కాదు.